అసెంబ్లీలో గొడవ లేని గంట

అసెంబ్లీ గ్యాలరీలో కూర్చుని వచ్చిన ఎవర్ని కదిపినా ఒకటే మాట, అబ్బో చేపల మార్కెట్ అండీ బాబూ అది, వీళ్ళకా మనం ఓట్లేసింది అని. టీవీలో క్లిప్పులు చూసేవాళ్ళదీ అదే మాట. పోడియం దగ్గర కాగితాలు చింపడం, మార్షల్స్ వచ్చి ఎత్తుకెళ్ళడం, మైక్ కట్, వాకౌట్. నాకు మాత్రం గ్యాలరీలో కూర్చున్నప్పుడు ఇవేవీ భయమనిపించలేదు. మధ్యాహ్నం దాటాక సగం కుర్చీలు ఖాళీగా ఉండి, ఉన్నవాళ్ళు బుద్ధిగా కూర్చుని, ఒక్కరు కూడా గొంతు పెంచకుండా ఒకదాని వెనక ఒకటి బిల్లులు పాసైపోయాయి చూడండి, అప్పుడు వేసింది భయం. ఆ గంటకి టీవీలో క్లిప్ ఉండదు, ఎవరూ షేర్ చెయ్యరు, కానీ మన మీద పడే చట్టం తయారయ్యేది అప్పుడే.

చూడనివాళ్ళ కోసం ముందు కొంచెం అక్కడి సంగతులు చెప్తా. హైదరాబాద్‌లో పబ్లిక్ గార్డెన్స్ పక్కన తెల్లగా గుమ్మటాలతో కనపడేది పాత టౌన్ హాల్, 1905లో మొదలుపెట్టి 1913లో పూర్తిచేశారు. అందరూ ఫొటో తీసుకునేది దాన్నే, సభ కూర్చునేది మాత్రం పక్కన తర్వాత కట్టిన భవనంలో. ఆంధ్రప్రదేశ్ వాళ్ళది 2017 నుంచి వెలగపూడిలో. గ్యాలరీ పాస్ కావాలంటే మామూలుగా ఎవరో ఒక ఎమ్మెల్యే సిఫార్సు ఉండాలి. ఫోను, బ్యాగు బయటే. లోపల చప్పట్లు కొట్టకూడదు, మాట్లాడకూడదు, ముందుకి వంగకూడదు. 2023 డిసెంబర్ 13న లోక్‌సభ గ్యాలరీలోంచి ఇద్దరు కిందకి దూకి పొగ డబ్బాలు వదిలారు కదా, ఆ తర్వాత ఎక్కడైనా తనిఖీ గట్టిగానే ఉంటుంది.

అన్నట్టు సభకి మనల్ని జైల్లో పెట్టే అధికారం కూడా ఉంది, ఉత్తుత్తి బెదిరింపు కాదు. 1964లో ఉత్తరప్రదేశ్ అసెంబ్లీ కేశవ్ సింగ్ అనే ఆయన్ని ఒక ఎమ్మెల్యే మీద కరపత్రం వేసిన గొడవలో జైలుకి పంపింది, ఆయనకి బెయిల్ ఇచ్చిన ఇద్దరు హైకోర్టు జడ్జీల్ని కూడా పట్టుకురమ్మని తీర్మానం చేసింది, ఆఖరికి రాష్ట్రపతి సుప్రీంకోర్టుని సలహా అడిగితే గానీ గొడవ సద్దుమణగలేదు. కాబట్టి గ్యాలరీలో మీకు ఆవేశం వచ్చినా మింగెయ్యండి.

పైనుంచి చూస్తే స్పీకర్‌కి కుడివైపు అధికార పక్షం, ఎడమవైపు ప్రతిపక్షం. స్పీకర్ ముందు టేబుల్ దగ్గర కార్యదర్శి, రిపోర్టర్లు. ఇవి అందరూ చూస్తారు, మీరు మాత్రం అధికారుల గ్యాలరీ ఎక్కడుందో చూసుకుని ఒక కన్ను దానిమీద వేసి ఉంచండి. మంత్రి గారు సమాధానం చెప్తూ ఉంటారు, ఇటునుంచి ఎవరో లేచి ఇబ్బందిపెట్టే ప్రశ్న వేస్తారు, అంతే, అధికారుల దగ్గర్నుంచి చీటీ ఒకటి బయల్దేరి మంత్రి చేతికి చేరుతుంది. ఆ చీటీ ఎంత తొందరగా వచ్చిందన్నదాన్ని బట్టి ప్రశ్న ఎంత లోతుగా దిగిందో చెప్పెయ్యొచ్చు. అసలు నన్నడిగితే మొత్తం సభలో ప్రభుత్వం కాస్తయినా ఇబ్బంది పడే చోటు ఇదొక్కటే.

ప్రశ్నోత్తరాలంటే రెండు రకాలు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకి మంత్రి లేచి నోటితో సమాధానం చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వెయ్యొచ్చు. గుర్తు లేనిదానికి కాగితం మీద రాసిచ్చేస్తారు. అసలు ప్రశ్న ముందే నోటీసు ఇస్తారు కాబట్టి దానికి సమాధానం డిపార్ట్‌మెంట్ వాళ్ళు తీరిగ్గా తయారుచేసి పెడతారు, అందులో పెద్ద విశేషం ఉండదు. "అవునండి", "ప్రతిపాదన పరిశీలనలో ఉంది", ఇలా ఉంటాయి సగం. అసలు ఆట అనుబంధ ప్రశ్నలో ఉంది, అది ముందే రాసుకోలేరు మరి. హోంవర్క్ చేసుకొచ్చిన ఎమ్మెల్యే ఎవరో, మా ఊరికి రోడ్డు కావాలని వినతిపత్రం చదివి కూర్చునే ఎమ్మెల్యే ఎవరో అక్కడ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. బాధేంటంటే సభలో గొడవ మొదలైతే మొదట ఎగిరిపోయేది ప్రశ్నోత్తరాలే, ఎందుకంటే అది పొద్దున్నే మొదటి గంట, మిగతా పనులు ఆపి ఫలానా విషయం చర్చించాలనే వాయిదా తీర్మానం మీద పట్టుబట్టేదీ అప్పుడే. ప్రతిపక్షం తన చేతిలో ఉన్న ఒకే ఒక్క మంచి ఆయుధాన్ని తనే పక్కన పడేస్తుంది. ఇక్కడ మాత్రం గొడవ చేసేవాళ్ళని నేనూ తిడతా.

ఇప్పుడు ఆ గంట దగ్గరికి వద్దాం. బిల్లు ప్రవేశపెట్టారు, మంత్రి నాలుగు మాటలు చెప్పారు, ఒకరిద్దరు మాట్లాడారు, స్పీకర్ బిల్లులోని క్లాజుల నంబర్లు చదువుకుంటూ పోతారు, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా బిల్లులో భాగం, అనుకూలమైనవాళ్ళు చెప్పండి, వ్యతిరేకమైనవాళ్ళు చెప్పండి, అనుకూలమే నెగ్గింది, బిల్లు పాసైంది. దీన్నే మూజువాణి ఓటు అంటారు. ఎవరు ఎటు ఓటేశారో ఎక్కడా రాసి ఉండదు. సభ్యులు గట్టిగా అడిగితే డివిజన్ పెట్టి లెక్కపెట్టాలి, కానీ అడిగేవాళ్ళేరీ? పీఆర్‌ఎస్ అని ఢిల్లీలో ఒక సంస్థ ఏటా అన్ని రాష్ట్రాల సభల లెక్కలు తీస్తుంది, వాళ్ళ లెక్క ప్రకారం రాష్ట్రాల్లో పాసయ్యే బిల్లుల్లో సుమారు సగం ప్రవేశపెట్టిన రోజో మర్నాడో పాసైపోతాయి. ఒక ఎమ్మెల్యే బిల్లు కాపీ చేతికొచ్చాక దాన్ని చదవాలి, పాత చట్టంతో పోల్చుకోవాలి, నియోజకవర్గంలో ఎవరికి తగులుతుందో కనుక్కోవాలి, సవరణ నోటీసు ఇవ్వాలి, ఇదంతా ఒక రాత్రిలో అవుతుందా? అవ్వదని వాళ్ళకీ తెలుసు కాబట్టే మాట్లాడరు.

మూజువాణి ఓటు ఎంత దూరం వెళ్ళగలదో మన దగ్గర అందరికీ గుర్తున్న రోజు ఒకటుంది. 2014 జనవరి 30. రాష్ట్ర విభజన బిల్లుని అభిప్రాయం చెప్పమని రాష్ట్రపతి ఉమ్మడి అసెంబ్లీకి పంపితే, దాన్ని తిరస్కరిస్తున్నామని అప్పటి ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి పెట్టిన తీర్మానం ఆ గందరగోళంలోనే మూజువాణితో నెగ్గిందని ప్రకటించారు. రెండు ప్రాంతాల భవిష్యత్తు మీద ఎవరెటు నిలబడ్డారో చరిత్రలో పేరుపేరునా రాసుకోవాల్సిన చోట ఒక్క పేరు కూడా నమోదు కాలేదు. తర్వాత నెలలోనే పార్లమెంటు బిల్లు పాస్ చేసేసింది, రాజ్యాంగం మూడో ఆర్టికల్ ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాలని లేదు. మీరు ఆ విభజనకి అనుకూలమో వ్యతిరేకమో నాకు అనవసరం. ఆ రోజు మీ ఎమ్మెల్యే ఓటు ఎటు పడిందో రికార్డు చూసి చెప్పండి అంటే ఎవరూ చెప్పలేరు, నా బాధ అంతవరకే.

అసలు ఎమ్మెల్యేలు ఎందుకింత నిశ్శబ్దం అయిపోయారంటే దానికి పెద్ద కారణం 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు, అదే ఫిరాయింపుల చట్టం. తెచ్చిన కారణం మంచిదే. మనకి తెలియందేముంది, 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని దించి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెడితే ఎమ్మెల్యేల్ని కాపాడుకోడానికి క్యాంపులు పెట్టాల్సొచ్చింది, నెల తిరిగాక మళ్ళీ ఎన్టీఆరే వచ్చారు. అలాంటివి ఆపాలన్నారు, సరే. కానీ ఆ చట్టం ప్రభుత్వాన్ని పడగొట్టే ఓటుకే పరిమితం కాలేదు, మామూలు బిల్లు మీద కూడా పార్టీ విప్, అంటే ఇలాగే ఓటెయ్యాలన్న ఆదేశం, ఇస్తే దానికి విరుద్ధంగా ఓటేసినా, ఓటెయ్యకుండా ఊరుకున్నా సీటు పోతుంది. 1990లోనే ఎన్నికల సంస్కరణల మీద వేసిన దినేశ్ గోస్వామి కమిటీ దీన్ని విశ్వాస తీర్మానం లాంటి కొన్ని ఓట్లకే పరిమితం చెయ్యమంది, ఎవరు వింటారు. దాంతో ఏమైంది, ఫలితం ముందే తెలిసిపోయాక చర్చ ఎవరి కోసం? అధికార పక్షంలో వెనక వరసలో కూర్చున్న ఎమ్మెల్యేకి బిల్లు చదివే అవసరమే లేకుండా పోయింది. పోనీ ఫిరాయింపులన్నా ఆగాయా అంటే అదీ లేదు, తెలంగాణలో పార్టీ మారారంటున్న పది మంది ఎమ్మెల్యేల సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కి చెప్పాల్సొచ్చింది. అంటే పార్టీ మారే స్వేచ్ఛ ఉంది గానీ పార్టీలో ఉంటూ ఒక బిల్లు బాగాలేదని చెప్పే స్వేచ్ఛ లేదు, తలకిందులుగా ఉంది వ్యవహారం.

దీనికి నా మిత్రుడొకడు ఎప్పుడూ చెప్పే సమాధానం, ఎమ్మెల్యే పని చట్టాలు చెయ్యడం కాదురా, పెన్షన్ ఇప్పించడం, బదిలీలు చూడటం, ఆస్పత్రిలో ఫోన్ చేసి బెడ్ ఇప్పించడం, జనం అడిగేది అదే, నీలాంటోడు ఒక్కడు క్లాజులు చదవమంటే సరిపోద్దా అని. వాడి మాటలో నిజం లేదని అనను. పొద్దున్నే ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడే జనంలో ఫలానా బిల్లు మీద ఏం మాట్లాడావు అని అడిగేవాడు నాకెప్పుడూ కనపడలేదు. కానీ ఆ పెన్షన్‌కి అర్హత ఎవరికో, ఆ బదిలీకి నియమాలేంటో, ఆ ఆస్పత్రికి డబ్బెంతో తేలేది ఎక్కడ? ఆ డబ్బు సంగతే చూద్దాం.

2025 మార్చి 19న తెలంగాణ బడ్జెట్ పెట్టారు, 3,04,965 కోట్లు. మార్చి 31 లోపు పద్దులన్నీ, అంటే ఒక్కో శాఖ అడిగే ఖర్చుల లెక్కలు, ఓటుకి పెట్టి ద్రవ్య వినిమయ బిల్లు కూడా పాస్ కావాలి, లేకపోతే ఏప్రిల్ 1 నుంచి జీతాలకి కూడా ఖజానాలోంచి రూపాయి తియ్యడానికి ఉండదు. అంటే ఆదివారాలు కలుపుకున్నా పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజుల్లో విద్య, వైద్యం, సాగునీరు, పోలీసు, పంచాయతీరాజ్, అన్ని శాఖల పద్దులూ అయిపోవాలి. రోజుకి ఏడెనిమిది పద్దులు కలిపి చర్చకి పెడతారు, అర్ధరాత్రి దాకా సభ నడిపామని గొప్పగా చెప్పుకుంటారు, అర్ధరాత్రి పన్నెండింటికి లక్షల కోట్ల లెక్క ఎవరు చూస్తారండీ? టైమ్ అయిపోతే మిగిలిన పద్దుల్ని చర్చ లేకుండానే ఓటుకి పెట్టే పద్ధతి కూడా ఉంది, గిలటిన్ అంటారు దాన్ని.

దీనికి మందు తెలీక కాదు. పార్లమెంటులో 1993 నుంచి శాఖలవారీ స్థాయీ సంఘాలు, అంటే ఎంపీల కమిటీలు, ఉన్నాయి, బడ్జెట్ పెట్టాక సభకి విరామం ఇచ్చి ఆ కమిటీలు పద్దుల్ని చదివి రిపోర్టు ఇస్తాయి. కేరళలో అంతకన్నా ముందే, 1980లోనే సబ్జెక్ట్ కమిటీలు మొదలుపెట్టారు. కమిటీ గదిలో టీవీ ఉండదు, విప్ గోల తక్కువ, సెక్రటరీ స్థాయి అధికారిని పిలిచి కూర్చోబెట్టి అడగొచ్చు. అమెరికాలో నెబ్రాస్కా అనే రాష్ట్రంలో అయితే ప్రతి బిల్లుకీ బహిరంగ విచారణ జరిగి తీరాలి, మామూలు మనిషి వెళ్ళి మైక్ ముందు కూర్చుని ఈ బిల్లు నాకు నష్టం అని చెప్పొచ్చు. మనం గ్యాలరీలో ముందుకి వంగితేనే సిబ్బంది వచ్చి సర్దుకోమంటారు.

ఇంతకీ సభ ఎన్ని రోజులు నడవాలి? రాజ్యాంగం చెప్పేది ఒక్కటే, రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు. రాజ్యాంగం పనితీరుని సమీక్షించిన వెంకటాచలయ్య కమిషన్ 2002లో పెద్ద సభలైతే ఏడాదికి కనీసం 90 రోజులు అంది. కర్ణాటక 2005లో 60 రోజులని చట్టమే చేసుకుంది, చేసుకుని పాటించడం మానేసింది. దేశం మొత్తం మీద సగటు ఇప్పుడు ఇరవై రోజులకి కాస్త అటూఇటూ. ఇందులో ఒక తమాషా ఉంది. అనుమతి లేకుండా 60 రోజులు సభకి రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించొచ్చని 190వ ఆర్టికల్‌లో ఉంది. అయితే సభ ప్రొరోగ్ అయిన, అంటే సమావేశాలు ముగిసినట్టు ప్రకటించిన రోజులు, వరసగా నాలుగు రోజులకి మించి వాయిదా పడిన రోజులు లెక్కలోకి రావు. సభే పాతిక రోజులు నడిస్తే అరవై నిండేది ఎప్పటికి? మధ్యలో ఒకసారి వచ్చి సంతకం పెట్టి వెళ్తే లెక్క మళ్ళీ మొదటికే. అందుకే మన రెండు రాష్ట్రాల్లోనూ బహిష్కరణ ఒక అలవాటుగా మారింది. ఆంధ్రలో 2017 అక్టోబర్ తర్వాత 2019 ఎన్నికల దాకా వైసీపీ రాలేదు, 2021 నవంబర్‌లో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే మళ్ళీ అడుగుపెడతానని వెళ్ళిపోయారు, 2024లో 11 సీట్లకి పడిపోయాక మళ్ళీ వైసీపీ ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామంది. తెలంగాణలో 2023 తర్వాత కేసీఆర్ సభకి వచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ప్రతి ఒక్కరికీ ఒక కారణం ఉంది, అవమానించారనో, మైక్ ఇవ్వలేదనో, కొన్ని నిజం కూడా కావచ్చు. అయినా నేను వచ్చి అరిచేవాడికే మార్కులేస్తా. అరిచినవాడి మాట కనీసం రికార్డుల్లోకి ఎక్కుతుంది, లేదా రికార్డుల నుంచి తొలగిస్తున్నామని స్పీకర్ ప్రకటించాల్సి వస్తుంది. ఇంట్లో కూర్చుని ప్రెస్‌మీట్ పెడితే మంత్రి సమాధానం చెప్పనక్కర్లేదు.

శాసన మండలి సంగతి కూడా ఒక మాట. పెద్దల సభ దండగ, ఓడిపోయినవాళ్ళకి ఉద్యోగం అనేది మామూలుగా వినే మాట, ఎన్టీఆర్ కూడా అలాగే అనుకుని 1985లో రద్దు చేయించారు, 2007లో మళ్ళీ వచ్చింది. నేనూ చాన్నాళ్ళు పట్టించుకోలేదు దాన్ని. కానీ 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లుల్ని అసెంబ్లీ చకచకా పాస్ చేసి పంపితే, మండలి ఛైర్మన్ వాటిని లోతుగా పరిశీలించడానికి సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు. వారం తిరక్కుండానే జనవరి 27న మండలినే రద్దు చెయ్యాలని అసెంబ్లీ తీర్మానం చేసింది, మళ్ళీ 2021 నవంబర్‌లో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మండలి ఒక బిల్లుని మూడు నెలలు, రెండోసారి వస్తే ఇంకో నెల, అంతకుమించి ఆపలేదు. ఆ నాలుగు నెలల ఆలస్యాన్నే ప్రభుత్వం తట్టుకోలేకపోయిందంటే ఆ ఆలస్యంలో ఏదో ఉపయోగం ఉన్నట్టే లెక్క.

ఇంకా సభ పాస్ చేసినంత మాత్రాన చట్టం అయిపోదు, అది మర్చిపోతుంటాం. 2025 మార్చి 17న తెలంగాణ అసెంబ్లీ బీసీలకి 42 శాతం రిజర్వేషన్ బిల్లులు పాస్ చేసింది, బయట టపాసులు కాల్చారు, పాలాభిషేకాలు చేశారు. ఆ బిల్లులు రాష్ట్రపతి దగ్గరికెళ్ళి ఆగాయి, తర్వాత జీవోతో ముందుకెళ్ళబోతే అక్టోబర్‌లో హైకోర్టు స్టే ఇచ్చింది. గ్యాలరీలో కూర్చున్నవాడికి అందరూ బల్లలు చరచడం మాత్రమే కనిపిస్తుంది.

కాబట్టి వెళ్ళేవాళ్ళు గవర్నర్ ప్రసంగం రోజు వెళ్ళకండి, ఆ రోజు రాసిచ్చిన కాగితం చదవడమే ఉంటుంది. పద్దుల చర్చ రోజు వెళ్ళండి, పొద్దున ప్రశ్నోత్తరాలు చూసి బయటికొచ్చెయ్యకుండా పాస్ టైమ్ ఉన్నంతసేపూ కూర్చోండి. ఆ రోజు ఎజెండా ముందే చదువుకుని వెళ్తే సగం అర్థమవుతుంది, లేకపోతే నంబర్లు చదువుతున్నట్టే ఉంటుంది. ఏ బిల్లుకి ఎన్ని నిమిషాలు పట్టిందో మనసులో లెక్కేసుకోండి, ఎంతమంది సభలో ఉన్నారో లెక్కపెట్టండి. పదో వంతు లేదా పది మంది, ఏది ఎక్కువైతే అది కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, తెలంగాణలో 119 మందికి పన్నెండు మంది ఉంటే చాలు, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అంతకన్నా తక్కువమందితో కూడా సాగిపోతుంది. తర్వాత పాస్ ఇప్పించిన ఎమ్మెల్యే ఆఫీసుకి థాంక్స్ చెప్పడానికి వెళ్తారు కదా, అప్పుడు ఈ సమావేశాల్లో సార్ పేరు మీద ఎన్ని ప్రశ్నలు పడ్డాయి, సమాధానాల కాపీ ఉందా అని పీఏని అడగండి. మొదట తెల్లబోతాడు. వదలకుండా అక్కడే కూర్చోండి.